మెక్‌షేన్ బైబిలు పఠన పట్టిక: మెట్టుగూడలోని మా ఇంట ఒక సంవత్సరం

సంవత్సరంలో బైబిలంతా చదివించే పట్టికలు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. వాటిలో బాగా పాతదైన ఒకదాన్ని గత జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా మా ఇంట్లో వాడాము. అందులో మాకు మేలు చేసినదేమిటో, భారమైనదేమిటో, మధ్యలో దాన్ని మా ఇంటికి తగినట్టు ఎందుకు సడలించుకోవలసి వచ్చిందో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పట్టిక కోసం వెదుకుతున్న విశ్వాసులకు, ముఖ్యంగా ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లలను పెంచుకుంటున్నవారికి ఇది పనికి వస్తుందని నా ఆశ.

ఈ పట్టికను తయారు చేసినవారు స్కాట్లాండులోని డండీ పట్టణంలో సెయింట్ పీటర్స్ సంఘానికి కాపరిగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్. 1842 డిసెంబరు చివర ఆయన తన సంఘస్థులకు ఒక ఉత్తరం రాసి, దానితో పాటు ఈ పట్టికను ఇచ్చారు. 1843 జనవరి 1 నుంచి సంఘమంతా ఒకే రోజున ఒకే భాగాలు చదవాలన్నది ఆయన కోరిక. ఆ సంవత్సరం మార్చి 25న, ముప్పై ఏళ్లయినా నిండకుండానే, టైఫస్ జ్వరంతో ఆయన ప్రభువునందు నిద్రించారు. తాను సిద్ధం చేసిన వరుసను ఆయన మూడు నెలలైనా చదవలేకపోయారు. ఆయన వెళ్లిపోయి ఇన్నేళ్లయినా ఆ వరుసలోనే ఎన్నో ఇళ్లలో బైబిలు తెరుచుకుంటోంది. మార్చి చివరి రోజుల గళ్లలో గుర్తు పెట్టేటప్పుడు ఈ సంగతి నా మనసులో మెదలకుండా ఉండలేదు.

పట్టిక పనిచేసే తీరు ఇది. రోజుకు నాలుగు చోట్ల నుంచి ఒక్కొక్క అధ్యాయం చదవాలి. జనవరి 1న ఆదికాండము 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1 వస్తాయి. నాలుగూ ఏదో ఒక ఆరంభాన్ని చెప్పే అధ్యాయాలే: సృష్టి, క్రీస్తు జననం, చెరనుంచి తిరిగి రావడం, సంఘం పుట్టబోయే వేళ. మొదటి రెండు కుటుంబమంతా కలిసి చదవడానికి, చివరి రెండు ఎవరికి వారు ఏకాంతంగా చదవడానికి ఏర్పాటయ్యాయి. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. ఈ పట్టికలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి కనుక మొత్తం 1,599 అధ్యాయాలవుతాయి, అంటే రోజుకు నాలుగు పైచిలుకు. లూకా 1 లాంటి 80 వచనాల పెద్ద అధ్యాయాన్ని రెండు రోజులకు పంచారు, చిన్న కీర్తనలను జతచేశారు.

మాకు దీని అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా ఇంట్లో బైబిలు లేని రోజు ఎప్పుడూ లేదు, కానీ క్రమం ఉండేది కాదు. ప్రతి జనవరిలో ఆదికాండంతో మొదలుపెట్టి, నిర్గమకాండంలో గుడారపు కొలతల దగ్గర నెమ్మదించి, లేవీయకాండంలో ఆగిపోయేవాళ్లం. ఆ తరువాత ఏడాదంతా 23, 91, 121 కీర్తనల చుట్టూ తిరగడమే. కొత్త సంవత్సరపు ఆరాధనలో తీసుకున్న వాగ్దానపు కార్డును అద్దం పక్కన అంటించుకుని, ఆ ఒక్క వచనంతో పన్నెండు నెలలు గడిపిన సంవత్సరాలు నాకున్నాయి. ఆ కార్డును నేను తక్కువ చేయను, కష్టకాలంలో అది నన్ను నిలబెట్టింది. అయితే ఆ వచనం ఏ ప్రవక్త, ఎవరితో, ఏ చెరలో ఉండగా పలికాడో తెలియకుండా దాన్ని నాదనుకోవడం సరికాదని నాకు కొంతకాలంగా అనిపిస్తూ వచ్చింది.

ఉదయాలు ఎలా ఉంటాయో ఈ నగరంలో ఉద్యోగం చేసే ఇల్లాలెవరికైనా తెలుసు. నీళ్లు పట్టాలి, టిఫిన్ డబ్బాలు సర్దాలి, బాబును స్కూలు బస్సు ఎక్కించాలి, తరువాత నేను మెట్టుగూడ స్టేషనులో మెట్రో ఎక్కి హైటెక్ సిటీ చేరాలి. దొరికే పదిహేను నిమిషాల్లో ఐదు నిమిషాలు ఈ రోజు ఏమి చదువుదామన్న ఆలోచనతోనే గడిచిపోయేవి. ఈ పట్టిక చేసిన మొదటి ఉపకారం ఆ ప్రశ్నను తీసివేయడం. మెక్‌షేన్ తన ఉత్తరంలో చెప్పిన లాభాలలో ఇది కూడా ఒకటి: చదవవలసిన భాగాన్ని ఎంచుకోవడంలో కాలం వృథా కాదు. చాలా మామూలు మాటలాగా కనిపిస్తుంది గాని, అలవాటు నిలబడేదీ జారిపోయేదీ ఇక్కడే. రోజూ కొత్తగా నిర్ణయించుకోవలసిన పని ఏదీ అలవాటుగా మారదు.

రెండవ ఉపకారం అంతకంటే పెద్దది. పట్టికలోని కుటుంబ వరుస మా ఇంటికి ఒక వేళను ఇచ్చింది. మొదట ఉదయం ఆరు గంటలకు అందరినీ కూర్చోబెట్టాము. వారం తిరగకముందే పిల్లలు నిద్రమత్తులోనూ, నేను పొయ్యిమీద పాలవైపు చూస్తూనూ వినడం మొదలుపెట్టాము. అప్పుడు మావారు రాత్రి భోజనమయ్యాక కంచాలు తీయకముందే చదువుదామన్నారు. భోజనం ఎలాగూ రోజూ ఉంటుంది, అందరూ అక్కడే ఉంటారు, ఎవరినీ పిలవనవసరం లేదు. గడియారం పెట్టి చూస్తే రెండు అధ్యాయాలు బిగ్గరగా చదవడానికి పది, పన్నెండు నిమిషాలు పట్టింది. మా బైబిలులో నిర్గమకాండం పేజీల అంచున ఒక పప్పు మరక ఉంది. నాకు దాన్ని చూస్తే సంతోషమే కలుగుతుంది.

జనవరి నెలాఖరున మార్కు సువార్త మొదలైంది. ఆ రోజు చదివే వంతు మా పెద్దమ్మాయిది. ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. మొదటి అధ్యాయంలో యేసు ప్రభువు చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లిన వచనం దగ్గర "పెందలకడనే" అన్న మాటను మూడు ముక్కలు చేసి చదివి, తలెత్తి మా అత్తయ్యవైపు చూసింది. అత్తయ్యది మెదక్ దగ్గర పల్లె. ఆమె కంచం పక్కకు జరిపి, "పొద్దుగాల్నే అని బిడ్డా. కోడి కూయకముందే లేచిండు" అంది. పిల్ల మళ్లీ మొదటినుంచి ఆ వచనం చదివింది, ఈసారి తడబడలేదు. బాబు "ఆయనకు నిద్ర రాదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు మావారు జవాబు చెప్పబోతుంటే అత్తయ్య ఆపి, "ముందు రోజు రాత్రి ఏం జరిగిందో చదువు" అంది. వెనక్కి వెళ్లి చూస్తే, ముందు సాయంత్రం ఊరంతా వాకిట చేరి ఉంది, ఆయన ఎంతోమంది రోగులను స్వస్థపరిచాడు. అలసిపోయిన మరునాడే ఆయన లేచి వెళ్లాడన్నది ఇన్నేళ్లుగా ఆ వచనాన్ని ఒంటరిగా చదివిన నాకు తట్టనే లేదు. అధ్యాయం మొత్తం చదివించే పట్టిక వల్ల కలిగే లాభం ఇదేనని ఆ రాత్రి తెలిసింది.

వరుస కూర్పులో కూడా ఎంతో ఆలోచన కనిపిస్తుంది. లేవీయకాండం ఏప్రిల్ తొలి దినాల్లో దహనబలుల, పాపపరిహారార్థ బలుల నియమాలతో సాగుతుండగా, సరిగ్గా అప్పుడే పక్క వరుసలో కీర్తనలు మొదలవుతాయి. ఒకవైపు బలి ఎలా అర్పించాలో చదువుతూ, మరొకవైపు అర్పించేవాడి గుండె ఎలా మొరపెట్టిందో వింటాము. ప్రతి సంవత్సరం మేము ఆగిపోయిన చోటు ఈసారి దాటింది. నవంబరులో దినవృత్తాంతముల వంశావళుల దగ్గర మాత్రం పేర్ల వరుసను పిల్లలచేత చదివించలేదు, మావారే చదివారు.

ఇక భారం సంగతి. మెక్‌షేన్ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. తన పట్టిక లాభాలకంటే ముందు దాని ప్రమాదాలను నాలుగు చెప్పుకున్నారు. చదవడం ఒట్టి ఆచారంగా మారవచ్చు, స్వనీతి పెరగవచ్చు, అజాగ్రత్తగా పరుగెత్తవచ్చు, మోయలేని కాడి కావచ్చు. మొదటిదీ మూడవదీ ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరుగుతాయి, వాటి గురించి ఎక్కువ రాయను. మిగిలిన రెండూ మమ్మల్ని గట్టిగానే పట్టుకున్నాయి.

మార్చి నెలలో మా నాన్నగారు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. రాత్రులు నేను అక్కడే. ఆ తొమ్మిది రోజుల్లో 23వ కీర్తన తప్ప మరేదీ చదవలేదు, అది కూడా ఆయన చెవి దగ్గర, చూడకుండా. ఇంటికి వచ్చాక లెక్కచూస్తే 36 అధ్యాయాలు బాకీ పడ్డాయి. ఏకాంత వరుసకు నేను ఫోనులో వాడుతున్న ఒక యాప్ అప్పటిదాకా వరుసగా చదివిన రోజుల సంఖ్యను చూపించేది. ఇప్పుడు అది సున్నా అయింది, తప్పిన రోజులన్నీ వేరే రంగులో కనిపించాయి. ఆ అధ్యాయాలు తీర్చడానికి నాలుగు రాత్రులు కూర్చున్నాను. యోబు స్నేహితుల ప్రసంగాలు, కొరింథీయులకు రాసిన పత్రికలు, అన్నీ కళ్లముందు నుంచి పోయాయి. ఒక్క మాటా లోపలికి దిగలేదు. నాలుగో రాత్రి బైబిలు మూసి, ప్రార్థన చేయకుండానే పడుకున్నాను. దేవునితో గడపడానికి పెట్టుకున్న ఏర్పాటు దేవునికి చెల్లించవలసిన అప్పుగా మారిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం మా పాస్టరుగారితో ఈ మాట చెప్పాను. ఆయన రెండే సంగతులు చెప్పారు. తప్పిపోయిన రోజును వదిలేసి, ఈ రోజు తేదీ దగ్గరే మొదలుపెట్టమన్నారు. ఆసుపత్రిలో నాన్నగారి చెవిలో చెప్పిన కీర్తనను లెక్కలోనుంచి ఎందుకు తీసేశావమ్మా అని అడిగారు. ఆ రెండో మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను.

ఏప్రిల్ నుంచి మేము కుటుంబ వరుసను మాత్రమే ఉంచుకున్నాము. ఇలా సడలించినా పట్టిక చెడిపోదు, ఇది దాని కూర్పులోని గొప్ప సౌకర్యం. కుటుంబ వరుసలో ఆదికాండము నుంచి రెండవ దినవృత్తాంతముల వరకు ఒకవైపు, కొత్త నిబంధన, కీర్తనలు మరొకవైపు ఒకే సంవత్సరంలో పూర్తవుతాయి. ఎజ్రా నుంచి మలాకీ వరకు ఉన్న ఏకాంత వరుసను రెండో సంవత్సరానికి వాయిదా వేస్తే, రెండేళ్లలో బైబిలంతా అయిపోతుంది, కొత్త నిబంధన రెండుసార్లు అవుతుంది. రోజుకు రెండు అధ్యాయాలే. ఇల్లు, ఉద్యోగం, పెద్దవాళ్ల బాధ్యత ఉన్నవారికి నేను మొదటినుంచే ఈ వేగాన్ని సూచిస్తాను.

స్వనీతి గురించి రాయడం కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఈ సమీక్ష నిజమవదు. ఫిబ్రవరిలో, నా చదువు ఒక్కరోజైనా తప్పకుండా సాగుతున్న రోజుల్లో, స్త్రీల మైత్రి కూడికలో పక్కన కూర్చున్న ఒక సహోదరిని మీరు ఎక్కడిదాకా వచ్చారు అని అడిగాను. ఆమెకు మూడు నెలల పసిబిడ్డ. ఆమె బిడ్డ తలమీద కొంగు సర్దుకుంటూ తలదించుకుంది, ఏమీ అనలేదు. నేను అడిగింది వాక్యం మీద ప్రేమతో కాదు, నా లెక్క చెప్పుకోవడానికి. తరువాత ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఈ పట్టికను సంఘంలో నలుగురితో కలిసి వాడేవారు ఏ తేదీలో ఉన్నారన్న ప్రశ్నను ఒకరినొకరు అడగకూడదని ముందే అనుకోవడం మంచిది. ఈ రోజు చదివినదానిలో ఏది మనసుకు తాకిందని అడగవచ్చు. మందలో ఎవరు ఏ పచ్చికలో మేస్తున్నారో కాపరికి తెలుస్తుందని మెక్‌షేన్ చెప్పిన లాభం నిజమే, మా సంఘంలో దాన్ని చూశాము. అయితే అది గొర్రెల లెక్క కాకూడదు.

కాగితమా, ఫోనా అన్న ప్రశ్నకు నా అనుభవంలో స్పష్టమైన జవాబు ఉంది. చదవడానికి కాగితం, వినడానికి ఫోను. తెల్లవారి ఫోనులో వాక్యం తెరిస్తే, దాని పైనే ఆఫీసు గ్రూపు మెసేజి వచ్చి కూర్చుంటుంది; వేలు దానిమీదికే పోతుంది. మెట్రోలో మాత్రం తెలుగు ఆడియో బైబిలు నాకు చాలా మేలు చేసింది. మెట్టుగూడ నుంచి బేగంపేట దాకా చెవి బాగా నిలుస్తుంది, అమీర్‌పేటలో రెండు లైన్ల జనం కలిసేచోట తెగిపోతుంది. కనుక ఒకే అధ్యాయాన్ని అమీర్‌పేటకు ముందొకసారి, మాదాపూర్ దాటాక మరొకసారి వినడం అలవాటు చేసుకున్నాను. రెండోసారి విన్నప్పుడు మొదటిసారి చెవిన పడని మాటలు వినిపిస్తాయి. యాప్‌లోని వరుస రోజుల లెక్కను, వీలుంటే, మొదటి రోజే ఆపివేయండి.

ఈ పట్టికకు రెండు లోపాలున్నాయి. సంఘ కాలెండరుతో దీనికి సంబంధం లేదు. క్రిస్మసు రోజున కుటుంబ వరుసలో వచ్చేవి రెండవ దినవృత్తాంతములు 30, ప్రకటన 16. అంటే హిజ్కియా ఆచరించిన పస్కా, దేవుని ఉగ్రత పాత్రలు. లూకా 2 ఫిబ్రవరి నడుమ వస్తుంది. శ్రమల దినాల్లోనూ, పునరుత్థాన పండుగనాడూ అంతే. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), కతోలిక సంఘాల్లో పెరిగినవారికి ఇది ఇబ్బందిగానే ఉంటుంది. మేము డిసెంబరు 24, 25 తేదీల్లోనూ, పరిశుద్ధ వారంలోనూ పట్టికను పక్కనపెట్టి ఆలయంలో చదివిన పాఠాలనే ఇంట్లో మళ్లీ చదివాము.

రెండో లోపం లోతైనది: ఇది చదివిస్తుంది గాని ప్రార్థన చేయించదు. నాలుగు గళ్లూ నింపాక పని అయిపోయిందనిపిస్తుంది. అందుకు మేము పది రూపాయల నోటు పుస్తకం ఒకటి బల్లమీద పెట్టాము. చదివాక ఎవరో ఒకరు ఆ అధ్యాయంలోని మాటతోనే ఒక వాక్యం ప్రార్థనగా రాస్తారు, అందరం దాన్ని కలిసి చదివి ఆమెన్ అంటాము. కయీను కథ చదివిన రాత్రి బాబు రాసినది ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంది: "ప్రభువా, అక్క మీద కోపం వస్తే నాకు ముందే చెప్పు."

ఇంకొక మాట. మా అత్తయ్య పెళ్లయి ఈ నగరానికి వచ్చిన కొత్తలో గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ప్రార్థనా మందిరానికి వెళ్లేది. సువార్తికుడు భక్త్ సింగ్ గారు మోకాళ్లమీద ఉండి బైబిలు చదివే అలవాటు గురించి అక్కడ విని, తానూ అలాగే మొదలుపెట్టిందట. ఇప్పటికీ మంచం పక్కన చిన్న చాప వేసుకుని, ఒకే అధ్యాయాన్ని మూడుసార్లు చదువుతుంది. ఆమె దగ్గర పట్టిక లేదు, ఎన్నిసార్లు బైబిలు పూర్తి చేసిందో లెక్కా లేదు. రాత్రి మాతో కూర్చుంటుంది గాని తన ఉదయపు చదువును పట్టికకు అప్పగించలేదు. అప్పటికే స్థిరమైన క్రమం ఉన్నవారు దీనికోసం దాన్ని మార్చుకోవలసిన పనిలేదు. క్రమం లేనివారికీ, మొదలుపెట్టి ఆగిపోతున్నవారికీ, పిల్లలతో కలిసి చదవాలనుకునేవారికీ ఇది తగినది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి మాత్రం నాలుగు చోట్ల ఒకేసారి చదవడం గజిబిజిగా ఉంటుంది. వారు మార్కు, యోహాను సువార్తలు నెమ్మదిగా చదివాక దీనికి రావడం మేలు.

ఇక కొనేవి, చేయించుకునేవి. పట్టిక ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది, పుస్తకాల పేర్లు తెలుగులో రాసుకుని ఏ జిరాక్సు షాపులోనైనా తీయించుకోవచ్చు. రెండు కాగితాలకు ఇరువైపులా పన్నెండు నెలలూ సరిపోతాయి. అసలు ఖర్చు బైబిలుకే. బల్ల చుట్టూ కూర్చుని చదివే ఇంటికి బైబిలు సొసైటీ ముద్రించిన పెద్ద అక్షరాల తెలుగు ప్రతి ఉండాలి. చిన్న అక్షరాల ప్రతిలో అత్తయ్య వంతు వచ్చినప్పుడు ట్యూబులైటు కింద కూడా కష్టమైంది. భాష పాతదే, పిల్లలకు మొదట అందదు. ఇంగ్లీషులో చదవనిద్దామని నేను అనుకున్నాను గాని, రోజుకు రెండు అధ్యాయాల చొప్పున వింటూ, వంతు వచ్చినప్పుడు చదువుతూ మా అమ్మాయి దసరా సెలవుల నాటికి కూడబలుక్కోవడం మానేసింది.

పట్టికను లామినేషన్ చేయించవద్దు. మేము మొదటి కాపీకి చేయించాము. దానిమీద పెన్సిలు గుర్తు నిలవలేదు, స్కెచ్ పెన్ను చెయ్యి తగిలితే చెరిగిపోయింది. ఈ సంవత్సరం దళసరి కాగితంమీద తీయించి, బైబిలు వెనక అట్ట లోపల అంటించాము. జనవరి 1న ఎజ్రా 1 పక్కన మొదటి గుర్తు బాబు పెట్టాడు, పెన్సిలుతో.